అక్కదేవతల కథ ఎవరి సాక్ష్యం?

(స్త్రీల మౌఖిక కథనాల సేకరణపై రాజమండ్రిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల మౌఖిక కథనాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఒక ఇంగ్లీషు నవలతో మొదలుపెడతానన్నాను. ఏం నవలని అడిగారు. ఫెయిరీల మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసరమ్మ కథ అన్నాను. నిర్వాహకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట చందమామ కథలేమిటని వాళ్ళ సందేహం. మీక్కూడా ఆ సందేహం ఉంటే కాసేపు పక్కన పెట్టమని అడుగుతున్నాను.

నవల పేరు 'ఎమిలీ వైల్డ్స్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫేరీస్'. రాసింది హెదర్ ఫాసెట్ అనే కెనడా రచయిత్రి. 2023లో వచ్చింది. దానికి కొనసాగింపుగా 2024లో ఒకటి, 2025లో మరొకటి వచ్చాయి. ఇలాంటి నవలల్ని ఇప్పుడు 'కోజీ ఫాంటసీ' అంటున్నారు. మాయలూ మంత్రాలూ ఉంటాయి గానీ లోకం తలకిందులయ్యే యుద్ధాలుండవు. దుప్పటి కప్పుకుని, పక్కన టీ పెట్టుకుని చదువుకునే పుస్తకాలు. పగలంతా ఇంటి చాకిరీ, ఆఫీసు చాకిరీ చేసి వచ్చిన స్త్రీ రాత్రి ఒక అరగంట అలాంటి పుస్తకం చదువుకుంటే దాన్ని పలాయనవాదమని తీసిపారెయ్యడం నాకిష్టం ఉండదు. ఎనభైల్లో మన వారపత్రికలు కుప్పలుగా అచ్చేసిన క్షుద్ర నవలలు గుర్తు తెచ్చుకోండి. యండమూరి 'తులసిదళం'లో ఆ ప్రయోగమంతా జరిగేది ఒక చిన్న ఆడపిల్ల ఒంటి మీద. ఆ నవలల్లో ఆడవాళ్ళు మంచాన పడి మెలికలు తిరుగుతుంటే, పుస్తకాలు తిరగేసి కారణం కనిపెట్టేది ఎక్కువగా మగవాళ్ళే. ఈ నవల్లో పుస్తకాలు తిరగేసేది స్త్రీ. అది చదువుతుంటే నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోదలచుకోలేదు.

కథ 1909లో మొదలవుతుంది. ఎమిలీ వైల్డ్ కేంబ్రిడ్జిలో ఫెయిరీల శాస్త్రం బోధిస్తుంది. లోకంలోని ఫెయిరీలందరి మీదా ఒక విజ్ఞాన సర్వస్వం రాస్తోంది. చివరి అధ్యాయం కోసం ఉత్తరాన ఒక మంచు దేశంలోని పల్లెకి, తన పెద్ద కుక్కను వెంటబెట్టుకుని ఒంటరిగా వెళుతుంది. ఆ దేశం, ఆ ఊరు కల్పితాలే. ఆమెకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. నవలంతా ఆమె ఫీల్డు డైరీ, ఫుట్‌నోట్లతో సహా. వెనకాలే బాంబుల్‌బీ అనే తోటి ప్రొఫెసరు దిగుతాడు. అందగాడు, మాటకారి, పని తక్కువ, పేరెక్కువ. అతను అసలు మనిషేనా అని ఎమిలీకి అనుమానం. (మన డిపార్టుమెంట్లలో కూడా కొందరిని చూసి నాకా అనుమానం వస్తుంటుంది. ఎమిలీ అనుమానం మాత్రం నిజమైంది.)

ఇందులో ఫెయిరీల కంటే పెద్ద కల్పన ఇంకొకటుంది. 1909లో కేంబ్రిడ్జిలో ఒక స్త్రీ ఆ హోదాలో ఉండటం. నిజమైన కేంబ్రిడ్జిలో అప్పటికి స్త్రీలు పాఠాలు వినొచ్చు, పరీక్షలు రాయొచ్చు, పాసవ్వొచ్చు. డిగ్రీ మాత్రం ఇవ్వరు. 1897లో ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే వోట్లలో ఓడించారు. ఆ రోజు మగ విద్యార్థులు సైకిలెక్కిన స్త్రీ దిష్టిబొమ్మ ఒకటి చేసి వీధి మీద వేలాడదీశారు. 1921లో మళ్ళీ ఓడిపోయింది. 1939లో డొరొతీ గారోడ్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ మొదటి మహిళా ప్రొఫెసరయ్యే నాటికి కూడా స్త్రీలకు పూర్తి డిగ్రీలు లేవు. 1948లో గానీ రాలేదు. నవల ఈ చరిత్రను పక్కకు తోసేసి, ఎమిలీకి ఉద్యోగం ఇచ్చేసింది. కల్పనకు ఆ స్వేచ్ఛ ఉంది. కానీ చదివేవాళ్ళకు ఆ చరిత్ర తెలిసి ఉండాలి.

అదే కాలంలో మన దగ్గర నిజంగా ఇలాంటి పని చేసిన మనిషి ఒకామె ఉంది. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతనితో పాటు నేర్చుకుంది. ప్రసిద్ధ స్త్రీల చరిత్రల్ని వెతికి వెతికి కూర్చి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. 1902లో బందరులో స్త్రీల సమాజం పెట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు. 1905లో, ముప్ఫై ఏళ్ళకే చనిపోయింది. తమ్ముడు తర్వాత 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మొదలుపెట్టి చరిత్రకెక్కాడు. అక్క చేసినది కూడా ఒక సర్వస్వమే. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.

నవల దగ్గరికి మళ్ళీ వస్తాను. ఎమిలీకి కట్టెలు కొట్టుకోవడం రాదు. ఊళ్ళో పెద్దరికం చేసే ఆడ్ అనే స్త్రీని మర్యాద తెలియక నొప్పిస్తుంది. దాంతో ఊరు ఊరంతా నోరు మూసుకుంటుంది. ఫీల్డు వర్కు చేసినవాళ్ళకి ఈ భాగం బాగా నచ్చుతుంది. మనల్ని మొదట అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే కదా: పెళ్ళయిందా, ఎంతమంది పిల్లలు, మీ ఆయన ఒక్కదాన్నే ఎలా పంపాడు. జవాబు వాళ్ళకు నచ్చితే మంచినీళ్ళు వస్తాయి, తర్వాత కథలొస్తాయి.

నా అసలు పేచీ కూడా ఇక్కడే మొదలవుతుంది. సర్వస్వం మీద ఎమిలీ పేరుంటుంది. ఫెయిరీలు ఏ గుట్టలో ఉంటారో, వాళ్ళకు ఏం పెడితే ఊరుకుంటారో, పిల్లల్ని ఎప్పుడు ఎత్తుకుపోతారో చెప్పింది ఆ పల్లెవాళ్ళు. వాళ్ళకది శాస్త్రం కాదు, ప్రాణం కాపాడుకునే జ్ఞానం. నవల్లో ఇద్దరమ్మాయిల్ని ఫెయిరీలు నిజంగానే పట్టుకుపోతారు. అప్పుడు ఎమిలీ డైరీ మూసి వాళ్ళ కోసం వెళుతుంది. రచయిత్రి నిజాయితీ నాకు అక్కడ కనిపించింది. కథ సేకరించి రైలెక్కి వెళ్ళిపోతే చాలదని ఆమెకు తెలుసు.

ఇక మన గోదావరికి వద్దాం. ఫెయిరీ అనే మాటకు మనం దేవకన్య అని రాసేస్తుంటాం. తప్పు. దేవకన్య సినిమాల్లో పాట పాడి వెళ్ళిపోయే అందగత్తె. ఫెయిరీ దేవతకూ దయ్యానికీ మధ్యది. మర్యాద చేస్తే మేలు చేస్తుంది, మరిచిపోతే బిడ్డను పట్టుకుంటుంది. మన దగ్గర దానికి సరైన జోడీ అక్కదేవతలు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు. చెరువు గట్టునో కాలవ రేవులోనో ఏడు రాళ్ళు, పసుపు, కుంకుమ. మిట్టమధ్యాహ్నం జుట్టు విరబోసుకుని రేవుకు వెళ్ళకూడదు, బాలింత నీళ్ళ దగ్గరికి పోకూడదు. ఈ నియమాలన్నీ ఆడవాళ్ళ మీదే ఎందుకున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఈ కథల్ని రాసిందెవరు? రాజమండ్రిలోనే మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు రాశారు. కాశీకి పోతూ ప్రతి మజిలీలో మణిసిద్ధుడనే యతి చెప్తాడు, గోపడనే గొల్లపిల్లవాడు వింటాడు. చెప్పేదీ వినేదీ మగవాళ్ళే. యక్షిణులూ గంధర్వకాంతలూ అంతా కథ లోపల. నేదునూరి గంగాధరం గారు ఊళ్ళు తిరిగి జానపద గేయాలు సేకరించారు. ఆ శ్రమకు నమస్కారం పెట్టాల్సిందే. 'కృష్ణశ్రీ' 'స్త్రీల రామాయణపు పాటలు' తెచ్చారు. వాటి మీద వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఇంగ్లీషులో రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. సీత అత్తవారింట్లో ఏం పడిందో, ఊర్మిళ ఎందుకు నిద్రపోయిందో, ఆ పాటల్లోంచి ఆయన పైకి తీశారు. నాయని కృష్ణకుమారి గారి 'తెలుగు జానపద గేయగాథలు' 1977లో అచ్చయ్యాకే ఈ రంగంలో ఒక స్త్రీ పేరు గట్టిగా వినిపించింది. ఇంత పని జరిగినా, పాడిన స్త్రీ ఎవరు, ఏ వయసులో ఎవరి దగ్గర నేర్చుకుంది, పాట ఎక్కడ ఆపి ఏడ్చింది అన్నవి పాత సంపుటాల్లో మనకి దొరకవు.

ఈ ఊరి మీదే ఇంకో ముఖ్యమైన పని ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ నైప్ 1980 నుంచి రాజమండ్రి, కోనసీమల్లో పనిచేశారు. 1989లో అచ్చయిన ఆయన వ్యాసం ఇక్కడి వీరభద్ర సంబరాల గురించి. మీలో చాలామంది చూసే ఉంటారు. శివరాత్రికి శరభ, అశ్శరభ అంటూ గోదావరికి ఊరేగింపు. బయటివాళ్ళు వీరభద్రుడంటే దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన దేవుడే అనుకుంటారు. ఇక్కడి చాలా ఇళ్ళల్లో వీరభద్రుడంటే చనిపోయిన తమ బిడ్డ. పెళ్ళి కాకుండా పోయిన పిల్లలు పోయి ఊరుకోరు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, ఎవరికో పూనకం వస్తుంది, నేనిక్కడున్నాను నన్ను మరిచిపోయారని బిడ్డ అడుగుతుంది. అప్పుడు ఆ బిడ్డను విభూతిపండుగా ఇంట్లో నిలుపుకుంటారు. ఆ బిడ్డ పెరుగుతుందని నమ్మకం.

ఆ వ్యాసం చదివినప్పుడు నాకు తట్టినది వేరే. మన శాస్త్రంలో పసిబిడ్డ పోతే పూడ్చిపెట్టడమే. ఏటేటా తద్దినం లేదు. నవమాసాలు మోసి, పాలిచ్చి, నెలల తరబడి నిద్ర మానుకుని పెంచిన తల్లికి ఆ బిడ్డ పేరు పైకి అనడానికి కూడా శాస్త్రం చోటివ్వలేదు. 'మళ్ళీ పుడతారులే' అని ఓదారుస్తారు. పూనకం ఆ తల్లికి నోరిచ్చింది. పదిమంది మధ్య, తాళాలూ డప్పుల మోతలో, పోయిన బిడ్డ గొంతుతో, 'నన్ను మరిచిపోయారు' అని అరిచే హక్కు వచ్చింది. ఆ మాట బిడ్డ తల్లిదండ్రులతో అంటున్నదో, తల్లి తన అత్తమామలతో అంటున్నదో ఎవరు విడదీసి చెప్పగలరు?

పేరంటాళ్ళ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పేరంటాలంటే భర్త ఉండగా పోయిన ముత్తైదువ కావచ్చు, భర్త చితి మీదికెక్కినామె కావచ్చు, మరో రకంగా అకాల మరణం పాలైన స్త్రీ కావచ్చు. ఇందాక చెప్పిన అచ్చమాంబ పుట్టిన పెనుగంచిప్రోలే తిరుపతమ్మ పేరంటాలు ఊరు కూడా. మునేటి ఒడ్డున గుడి, ఏటా తిరునాళ్ళు. 1963లో సినిమా కూడా వచ్చింది. కథలో ఏముంది? అత్త ఆరళ్ళు, ఆడబిడ్డ నిందలు. జబ్బు చేస్తే గొడ్లపాకలో పడెయ్యడం. అడవికి పోయిన భర్త పులి వాత పడితే అగ్నిప్రవేశం. ఆ పులినీ అగ్నినీ కాసేపు పక్కన పెట్టి మిగతాది కాగితం మీద రాయండి. మన సంఘం ఆఫీసులో ఫిర్యాదుల ఫైలులా ఉంటుంది. పశ్చిమ గోదావరిలో పెనుగొండ కన్యక కథ కూడా అంతే. రాజు కన్నేశాడు, పిల్ల నిప్పుల్లోకి నడిచింది, తర్వాత గుడి కట్టారు. పిల్ల బతికుండగా రాజుకి అడ్డంపడే దారి దొరకలేదు.

ఇదంతా సతిని కీర్తించడం కాదా అని ఒక మిత్రురాలు అడిగింది. 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ చావు తర్వాత అలా కీర్తించడాన్ని నేరంగా చేస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం కావాలని మనలాంటి సంఘాలన్నీ కొట్లాడాయి. నేను దాని పక్షానే ఉన్నాను. గుళ్ళు కట్టమని ఎవరికీ చెప్పడం లేదు. కట్టిన గుడి దగ్గర ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినమంటున్నాను.

విన్నదొకటి చెప్తాను. కోనసీమలో కాలవ గట్టు మీదున్న ఒక ఊరు. పేరు చెప్పను, చెబితే ఆ ఇల్లేదో చుట్టుపక్కలవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. రేవు పక్కన వేపచెట్టు, దాని మొదట్లో పసుపు రాసిన రాయి, చుట్టూ గాజులు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండని ఒక కోడలు అక్కడ మునిగి చనిపోయింది. 1960ల నాటి మాట. టీ బడ్డీ దగ్గర మగవాళ్ళని అడిగితే 'కాలు జారింది, అంతే' అన్నారు. ఆడవాళ్ళని అడిగితే, మిట్టమధ్యాహ్నం ఒంటరిగా రేవుకొచ్చింది, అక్కదేవతలు తీసుకుపోయారు అన్నారు. అక్కడితో ఆపి 'నమ్మకం' అన్న ఫైల్లో పెట్టేసుకోవచ్చు. నేను ఇంకో మూడు వీధుల్లో తిరిగాను. నలుగురు స్త్రీలు ఆ కథ చెప్పారు. చీర రంగు ఒకామె పసుపంది, ఒకామె ఆకుపచ్చంది. ఒకరు శ్రావణమాసమన్నారు, ఒకరు కాలవ కట్టేసే ముందన్నారు. అక్కదేవతలు ఏడుగురని ఇద్దరు, కాదు ముగ్గురే కనిపించారని మిగతా ఇద్దరు. ఒక్క ముక్క మాత్రం నలుగురిలో ఎవరి నోటా మారలేదు. ఇత్తడి బిందె నిండుగా మెట్టు మీదుంది. చుట్టకుదురు దాని పక్కనే ఉంది.

నీళ్ళు ముంచుకోవడం అయిపోయింది. బిందె పైన పెట్టింది. మళ్ళీ నీళ్ళలోకి ఎందుకు దిగింది? ఈ ప్రశ్నని నలుగురిలో ఎవరూ అడగలేదు. బిందె సంగతి చెప్పి నా మొహంలోకి చూసి ఊరుకున్నారు.

నాలుగో ఇంటి మామ్మగారిని, ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందని అడిగాను. 'మా కాలంలో ఆ మాట అడిగేవోళ్ళు లేరమ్మా. అక్కలు తీసుకెళ్ళారంటే ఎవరికీ కష్టం లేదు' అన్నారు. కాసేపాగి ఇంకో సంగతి చెప్పారు. ఏటా ఆ రాయికి మొదటి చీర అత్తవారింటి నుంచే రావాలి. అది ఊరి ఆడవాళ్ళు పెట్టిన కట్టుబాటు. ఒక ఏడు ఆ ఇంటివాళ్ళు పెట్టకపోతే, ఆ వీధిలో ఒకామెకి పూనకం వచ్చి ఆ ఇంటి ముందుకెళ్ళి నిలబడిందట. అప్పట్నించి మానలేదు.

ఆ ఇంటివాళ్ళు ఆ పిల్లను చంపారని నేననడం లేదు. ఆత్మహత్య కావచ్చు, తలతిరిగి పడిపోయి ఉండొచ్చు. యాభై అరవై ఏళ్ళ తర్వాత తేల్చడానికి నేను పోలీసును కాను. కానీ ఊళ్ళో ఒక్క రిపోర్టూ రాయని చోట, శవపరీక్ష జరగని చోట, ఊరి ఆడవాళ్ళు ఒక వస్తువుని సాక్ష్యంగా దాచిపెట్టారు. చదువు లేదు, కాగితం లేదు కాబట్టి కథలో దాచారు. పైన అక్కదేవతల్ని కప్పారు కాబట్టి ఆ కథ చెప్పినందుకు ఎవరూ వాళ్ళని కొట్టలేదు. ఏడాదికో చీర చొప్పున జరిమానా కూడా వసూలు చేస్తున్నారు. దీన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో తేల్చేస్తే రాయితో పాటు బిందె కూడా పోతుంది.

రాజమండ్రిలో నిలబడి ఈ మాట అంటుంటే వీరేశలింగం గారు గుర్తుకు రాకుండా ఉండరు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన మనిషి, 1881లో ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి. దయ్యాల మీదా మంత్రగాళ్ళ మీదా ఆయన ఎంత నిప్పులు కక్కారో మీకు తెలుసు. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు ఇప్పటికీ ఊరూరా ఆ పని చేస్తున్నాయి. ఆ పని అవసరం. ఎందుకంటే ఈ కథలకి రెండో వైపు ఉంది, అది చాలా భయంకరమైనది.

1895లో ఐర్లండులో టిప్పరరీ ప్రాంతంలో బ్రిజెట్ క్లియరీ అనే ఇరవై ఆరేళ్ళ స్త్రీని భర్త కాల్చి చంపాడు. ఆమె దర్జీ పని చేసేది. సొంతంగా కుట్టుమిషను ఉంది, కోళ్ళు పెంచుకుని గుడ్లమ్ముకునేది, చేతిలో నాలుగు డబ్బులుండేవి. పిల్లల్లేరు. జబ్బు చేసింది. భర్త, ఇది నా పెళ్ళాం కాదు, నా పెళ్ళాన్ని ఫెయిరీలు ఎత్తుకుపోయి దాని స్థానంలో ఇంకొకదాన్ని పెట్టారన్నాడు. బంధువులూ ఇరుగుపొరుగూ ఆ ఇంట్లో ఉండగా, చేదుమందులు నోట్లో పోసి 'నువ్వెవరు' అని మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి నిప్పంటించాడు. కోర్టు దాన్ని హత్య అనలేదు, అంతకంటే తక్కువ నేరంగా తేల్చింది. ఇరవై ఏళ్ళ శిక్ష వేస్తే పదిహేనేళ్ళకు బయటికొచ్చాడు. ఆంజెలా బర్క్ అనే ఐరిష్ పరిశోధకురాలు 1999లో దీని మీద పుస్తకం రాసింది. ఫెయిరీ కథ ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన భాష. భార్య మీద కోపాన్ని, అసూయని, ఆమె సంపాదన మీద కడుపుమంటని ఆ భాషలో చెబితే ఎవరూ అడ్డుపడరు. మా కాలవ గట్టు మామ్మగారు కూడా అదే భాషని వాడారు. అక్కడ చంపడానికి, ఇక్కడ దాచి కాపాడడానికి.

ఆ నవల్లో కూడా మారుబిడ్డ ఉంది. ఎత్తుకుపోయిన బిడ్డ స్థానంలో ఫెయిరీలు పెట్టిన బిడ్డ. నవల్లో అది నిజంగా ఫెయిరీయే కాబట్టి మనం నిశ్చింతగా చదువుకుంటాం. నిజజీవితంలో మారుబిడ్డ ఎప్పుడూ ఒక జబ్బు బిడ్డే, జబ్బు స్త్రీయే. నవల మీద నా అభ్యంతరం ఏదైనా ఉంటే అదీ.

మన వైపు దీని పేరు చిల్లంగి. రంపచోడవరం మన్యంలోనూ, కింద మెట్ట ఊళ్ళలోనూ ఆ మాట తెలియనివాళ్ళు లేరు. చిల్లంగి పెట్టారన్న నెపంతో కొట్టి చంపిన వార్తలు పేపర్లలో ఒక మూల వస్తూనే ఉంటాయి. ఆ చావుల్లో మగవాళ్ళూ ఉన్నారు. అయితే మీద చెయ్యి వెయ్యడానికి ఎక్కువ ఆలోచించనక్కర్లేని మనిషి మాత్రం ఒంటరి స్త్రీ, వితంతువు, కాస్త భూమి పేరున ఉన్న ముసలామె. మంత్రగత్తె ముద్ర వెయ్యడమే నేరమని బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో చట్టాలు చేశాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనిషి చచ్చాక హత్య కేసు పెడతారు. ముద్ర వేసిన రోజున, ఊరంతా మాట్లాడటం మానేసిన రోజున, ఆమె ఏ సెక్షను కింద ఫిర్యాదు చెయ్యాలి?

మైదాన ప్రాంతంలో ఇంత బాహాటంగా ఉండదు. 'గాలి సోకింది' అంటారు. కాన్పయ్యాక నిద్ర పట్టక, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాక గోడవైపు తిరిగి పడుకున్న అమ్మాయికి గాలి. అత్తవారింటికి వెళ్ళనని మొండికేసిన అమ్మాయికి గాలి. తాయెత్తు కడతారు, వేపమండలతో కొడతారు, తగ్గింది అని మళ్ళీ అదే ఇంటికి పంపిస్తారు. పోతే, 'దాని మీద ఎప్పట్నించో ఏదో ఉందండీ' అంటారు. ఆ మాట పోలీస్ స్టేషన్లో కూడా చెల్లుతుంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవాన్ని పరీక్షకు పంపి తీరాలని 1983లో చట్టాన్ని సవరించారు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 194వ సెక్షను. బంధువులు ఎవరైనా కోరినా పంపాలి. ఊళ్ళల్లో ఈ సంగతి చెప్పినప్పుడు నేను బిందె కథ కూడా చెబుతాను. సెక్షను నంబరు గుర్తుండకపోయినా బిందె గుర్తుంటుంది.

చివరిగా మనం రేపటి నుంచి చెయ్యబోయే సేకరణ గురించి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో తమ మాటల్లో మాట్లాడారు. అక్కడ పేరు పెట్టడం గౌరవం. ఇక్కడ, కాలవ గట్టు కథల్లో, పేరు పెట్టడం ప్రమాదం. చెప్పినామె ఇంకా అదే వీధిలో బతకాలి. కాబట్టి ఒకే ఫారం అందరికీ పనికిరాదు. పేరు ఉండాలా వద్దా అన్నది చెప్పినామెనే అడగాలి. ఆమె కొడుకునో, సర్పంచినో కాదు. రికార్డు చేసినది ఆమెకు మళ్ళీ వినిపించాలి. తీసెయ్యమన్న ముక్క తీసెయ్యాలి, పరిశోధనకు ఎంత పనికొచ్చేదైనా సరే. ఫోన్లో రికార్డు చేసి అక్కడికక్కడే అందరికీ పంపించే అలవాటు కొందరికుంది. దయచేసి మానండి.

ఇంకొకటి. కథను ఏ ఫైల్లో పెట్టాలన్నది. ఇప్పటిదాకా మన కార్డుల్లో 'దేవత పేరు, ఊరు, ఆచారం' అని మూడు గళ్ళున్నాయి. నాలుగో గడి ఒకటి పెట్టమంటున్నాను: 'చనిపోయిన స్త్రీ'. ఆమె వయసెంత, పెళ్ళయి ఎన్నేళ్ళు, ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు, కథలో ఎవరు చెప్పినా మారని ముక్క ఏది. చాలా కార్డుల్లో ఆ గడి ఖాళీగానే ఉండొచ్చు. ఉండనివ్వండి, మనం ఊహించి నింపొద్దు. మరీ ఈ మధ్య జరిగిన చావైతే ఆ కార్డు సేకరణ పెట్టెలోకి పోకూడదు. ముందు మన లాయరు మిత్రురాలి బల్ల మీదికి వెళ్ళాలి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా 'ఈ మధ్య' అనుకోవాలన్నది నేనొక్కదాన్నే నిర్ణయించేది కాదు, భోజనాల తర్వాత చర్చలో తేల్చుకుందాం. ఆ నవల నా సంచీలోనే ఉంది. కావలసినవాళ్ళు తీసుకెళ్ళొచ్చు, ఒక్కొక్కరికి పదిహేను రోజులు.